64 ఏళ్ల వయసులో కెమెరా మార్చారు!

ఇంటర్వ్యూ కోసం బెంగళూరుకో, పుణెకో విమానంలో వెళ్తున్నారనుకోండి. ఎయిర్‌పోర్టులో బ్యాగు ట్రేలో పెడతారు. అది బెల్టు మీద స్కానర్‌లోకి వెళ్తుంది, అవతలి వైపు తీసుకుని భుజాన వేసుకుంటారు. లోపలున్న ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఏమీ కాదు. మీ దడంతా ఇంటర్వ్యూ గురించే.

ప్రపంచంలోనే పేరున్న ఓ ఫొటోగ్రాఫర్‌కి మాత్రం ఆ బెల్టు దగ్గరే దడ మొదలయ్యేది. ఆయన బ్యాగులో వందల కొద్దీ ఫిల్మ్ రోల్స్ ఉండేవి. ఫిల్మ్ మీద పూసిన వెండి లవణాలకు వెలుతురుకీ ఎక్స్‌రేకీ తేడా తెలియదు. రెండింటికీ స్పందిస్తాయి. స్కానర్‌లోంచి ఒకసారి వెళ్తే పెద్దగా తెలియదు. కానీ ప్రయాణంలో మూడు నాలుగు విమానాలు మారితే, ప్రతిచోటా స్కానింగే. ఆ ప్రభావం కొంచెం కొంచెంగా పోగవుతూ ఉంటుంది. చివరికి ఫిల్మ్ కడిగి చూస్తే నలుపుకీ తెలుపుకీ మధ్య ఉండాల్సిన సన్నటి బూడిద ఛాయలు మసకబారతాయి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత విమానాశ్రయాల్లో తనిఖీలు ఎంత కఠినమయ్యాయో చెప్పక్కర్లేదు. 'చేత్తో చూడండి బాబూ, స్కానర్‌లో పెట్టకండి' అని బతిమాలితే వినేవాళ్లు కొందరే.

ఆ ఫొటోగ్రాఫర్ పేరు సెబాస్టియావో సల్గాడో. బ్రెజిల్ వాసి. 2008లో, 64 ఏళ్ల వయసులో, ఎనిమిదేళ్ల ప్రాజెక్టు ఒకటి సగంలో ఉండగా ఫిల్మ్ వదిలేసి డిజిటల్‌కి మారారు. అదీ ముప్పై ఏళ్లకు పైగా ఫిల్మ్‌తోనే బతికి, దానితోనే పేరు తెచ్చుకున్నాక.

'ఫొటోగ్రఫీ కథ మాకెందుకు? మా గొడవంతా ప్లేస్‌మెంట్స్ గురించి కదా' అనుకుంటున్నారా? నాకు ఈయన కథ పట్టింది కూడా ఉద్యోగం గొడవలోనే. ఇంజినీరింగ్ అయ్యాక ఓ కంపెనీలో మూడేళ్లు ఒకే టెస్టింగ్ టూల్ మీద పనిచేశాను. అందులో నేనే దిట్ట అన్న పేరు కూడా వచ్చింది. ఓ సోమవారం ఉదయం మెయిల్ వచ్చింది: ఇకపై ఆ టూల్ వాడటం లేదు. మూడు వాక్యాల మెయిల్, మూడేళ్ల పని! తర్వాత నాలుగు నెలలు బెంచ్ మీద కూర్చున్నాను. ఆ ఖాళీలోనే కెమెరాల గురించి బ్లాగ్ రాయడం మొదలుపెట్టాను, ఆ చదువుల్లోనే సల్గాడో తగిలారు. పరికరం మారిపోతుంటే మనిషి దేన్ని వదలాలి, దేన్ని పట్టుకోవాలి అన్నది అప్పట్లో నాకు పుస్తకాల ప్రశ్న కాదు. ఈఎంఐ ప్రశ్న.

భార్య కొన్న కెమెరా

సల్గాడో 1944 ఫిబ్రవరి 8న బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో, ఐమోరెస్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి పశువులు పెంచే రైతు. ఏడుగురు అక్కచెల్లెళ్ల మధ్య ఒక్కడే మగపిల్లాడు. తండ్రి ఆయన్ని లాయర్‌ని చేద్దామనుకున్నారు. ఈయన ఎకనామిక్స్‌లోకి వెళ్లారు. సావో పాలో యూనివర్సిటీలో మాస్టర్స్ చేశారు. బ్రెజిల్‌లో అప్పుడు సైనిక పాలన. దాన్ని వ్యతిరేకించిన వాళ్లలో సల్గాడో, ఆయన భార్య లేలియా వానిక్ కూడా ఉన్నారు. 1969లో ఇద్దరూ పారిస్ వెళ్లిపోయారు.

లేలియా అక్కడ ఆర్కిటెక్చర్ చదివేవారు. భవనాల ఫొటోలు తీసుకోవాలి కాబట్టి ఓ పెంటాక్స్ కెమెరా కొన్నారు. సల్గాడో చేతికి కెమెరా రావడం అలా! తనకోసం కొన్నది కాదు, తను కొన్నదీ కాదు.

1971లో ఆయనకు లండన్‌లో అంతర్జాతీయ కాఫీ సంస్థలో ఆర్థికవేత్తగా ఉద్యోగం వచ్చింది. పని మీద తరచూ ఆఫ్రికా వెళ్లేవారు. కాఫీ, టీ తోటల అభివృద్ధి, పెట్టుబడి, రాబడి.. రిపోర్టులు రాయడం. వెళ్లినప్పుడల్లా భార్య కెమెరా వెంట పట్టుకెళ్లేవారు. తిరిగొచ్చాక రిపోర్టు రాయడం కంటే ఆ ఫొటోలు చూసుకోవడమే ఎక్కువ సంతోషంగా ఉందని అర్థమైంది. 1973లో ఉద్యోగం మానేశారు. అప్పటికి ఆయనకు 29 ఏళ్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇలాంటి కథల్ని మన దగ్గర 'ప్యాషన్ కోసం లక్షల జీతం వదిలేశాడు' అని రెండు ముక్కల్లో చెప్పేస్తుంటారు. వదిలేసిన మర్నాటి గురించి ఎవరూ చెప్పరు. సల్గాడో దంపతులు అప్పటికే కెమెరాలు, లెన్సులకు డబ్బు పోసి ఉన్నారు. మరుసటి ఏడాదే మొదటి కొడుకు పుట్టాడు. దొరికిన పనల్లా చేశారు. నిర్ణయం ఇద్దరిదీ, ఇల్లు నడిపిన భారం మాత్రం ఎక్కువగా లేలియాది. తర్వాత ఆయన పుస్తకాలు డిజైన్ చేసిందీ, ఎగ్జిబిషన్లు తీర్చిదిద్దిందీ ఆవిడే. సల్గాడో పేరు విన్నప్పుడు అది ఇద్దరు మనుషుల కెరీర్ అని గుర్తుపెట్టుకోండి.

సిగ్మా, గామా అనే ఫొటో ఏజెన్సీల్లో పనిచేసి 1979లో మాగ్నమ్‌లో చేరారు. 1981 మార్చి 30న అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిగినప్పుడు సల్గాడో అక్కడే ఉన్నారు. కొన్ని క్షణాల్లో తీసిన ఆ ఫొటోలు ప్రపంచమంతా పత్రికల్లో వచ్చాయి. ఆ డబ్బుతో ఆఫ్రికాలో తను చేయాలనుకున్న పని చేసుకున్నారు. రీగన్ ఫొటోల మనిషిగా మిగిలిపోవడం ఆయనకు ఇష్టం లేదు.

1986లో బ్రెజిల్‌లోని సెర్రా పెలాడా బంగారు గనికి వెళ్లారు. పెద్ద గొయ్యి. అందులో వేల మంది మనుషులు, మట్టి మూటలు వీపున మోస్తూ నిచ్చెనల మీద పైకి పాకుతుంటారు. మిషన్ ఒక్కటీ ఉండదు. ఈ ఫొటోలు గూగుల్‌లో వెతికి ఒక్కసారి చూడండి, చీమల పుట్టను తవ్వినట్టుంటుంది. ఆ తర్వాత దేశదేశాల్లో చేతులతో పనిచేసే మనుషుల్ని ఫొటోలు తీస్తూ 1993లో 'వర్కర్స్' పుస్తకం తెచ్చారు. అందులో మన ధన్‌బాద్ బొగ్గు గని కార్మికులు ఉన్నారు. రాజస్థాన్ కాలువ తవ్విన ఆడవాళ్లూ ఉన్నారు.

ఆ పుస్తకం ఆలోచన ఒక ఆర్థికవేత్తది. మనుషుల చేతులతో జరిగే భారీ ఉత్పత్తి అంతరించిపోతోంది, అది పోయేలోగా నమోదు చేయాలి అన్న లెక్క ఫొటోగ్రాఫర్ బుర్రలోంచి కాదు, ఎకనామిక్స్ చదివిన బుర్రలోంచి వచ్చింది. 'నా డిగ్రీ వేస్ట్ అయిపోయింది బ్రో' అనేవాళ్లు నాకు రోజుకొకరు మెసేజ్ పెడతారు. వాళ్లకి ఇదే చెబుతుంటాను. అన్నట్టు ఈయన 2002 తర్వాత మళ్లీ కాఫీ తోటలకే వెళ్లారు, ఈసారి కెమెరాతో. పది దేశాల్లో తీసిన ఆ కాఫీ ఫొటోల పుస్తకం 2015లో వచ్చింది. అందులో ఇండియా కూడా ఉంది.

మనుషుల నుంచి కొండలకు

సల్గాడో మొదటి నుంచీ ప్రకృతి ఫొటోగ్రాఫర్ కాదు. అటు తిప్పింది ఒక దెబ్బ. 1994లో రువాండా మారణకాండ సమయంలో అక్కడ పనిచేశారు. చూసినవి ఆయన్ని లోపల్నుంచి విరిచేశాయి. ఆరోగ్యం పాడైంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఒంట్లో జబ్బేమీ లేదు, చూసిన చావులే ఇలా చేస్తున్నాయి, ఆపకపోతే కష్టం అన్నాడట. చేతిలో ఉన్న వలసల ప్రాజెక్టు పూర్తిచేసి 2000లో పుస్తకం తెచ్చారు. కానీ ఫొటోగ్రఫీ మీదే మనసు విరిగిపోయింది.

అదే రోజుల్లో తండ్రి నుంచి ఐమోరెస్ దగ్గరి పొలం చేతికొచ్చింది. చిన్నప్పుడు సగానికి పైగా అడవి ఉన్న నేల అది. ఇప్పుడు చూస్తే బోడి గుట్టలు. చెట్లు కొట్టేశారు, వాగులు ఎండిపోయాయి. 'అడవిని మళ్లీ పెంచుదాం' అన్నది లేలియా. 1998లో 'ఇన్‌స్టిట్యూటో టెర్రా' అనే సంస్థ పెట్టారు. 20 లక్షలకు పైగా మొక్కలు నాటారు. తొలి ఏడాది నాటిన వాటిలో చాలా భాగం చచ్చిపోయాయి. మళ్లీ నాటారు. నీళ్లొచ్చాయి, పిట్టలొచ్చాయి. అది చూశాక కెమెరా మళ్లీ పట్టుకోవాలనిపించిందట. ఈసారి మనిషి ఇంకా చెడగొట్టని నేలల్ని తీయాలనుకున్నారు. ఆ ప్రాజెక్టు పేరు 'జెనెసిస్'.

2004లో గలాపగోస్ దీవుల్లో మొదలైంది. అక్కడి పెద్ద తాబేలు దగ్గరికి వెళ్తే అది దూరంగా జరిగిపోయేది. అరవై ఏళ్ల మనిషి మోకాళ్ల మీద, అరచేతుల మీద వంగి దాని ఎత్తుకు దిగారు. అది ఆగింది. ఆయన వెనక్కి జరిగితే అది ముందుకొచ్చింది. ఆ ఒక్క ఫొటోకి రోజంతా పట్టింది. తర్వాత అంటార్కిటికా మంచు కొండలు, కమ్చాట్కా అగ్నిపర్వతాలు, అలాస్కా పర్వతాలు, అమెరికాలో గ్రాండ్ కాన్యన్, సైబీరియాలో రెయిన్‌డీర్ మందల వెంట తిరిగే నేనెట్స్ ప్రజలు. ఇథియోపియా కొండల్లో గాడిదల మీద సామాను వేసుకుని సుమారు 850 కిలోమీటర్లు నడిచారు.

ఈ ప్రయాణాలన్నింటికీ డబ్బులెక్కడివి అని అడగండి. అడగాల్సిన ప్రశ్నే. తీయబోయే ఫొటోలను ముందే పత్రికలకు ఒప్పుకోవడం, ఫౌండేషన్ల సాయం, ప్రింట్ల అమ్మకం. గార్డియన్ పత్రిక మొదటి నుంచీ ఈ ఫొటోలు వేసింది. ఒక పూర్వ ఆర్థికవేత్త, ఒక డిజైనర్ కలిసి నడిపిన చిన్న కంపెనీ అది. పారిస్‌లో 1994లోనే 'అమెజోనాస్ ఇమేజెస్' పేరుతో సొంత ఏజెన్సీ పెట్టుకున్నారు.

మారే ముందు ఏం చేశారు?

జెనెసిస్‌ను పెంటాక్స్ 645 అనే మీడియం ఫార్మాట్ కెమెరాతో మొదలుపెట్టారు. అంతకుముందు వాడిన 35 ఎంఎం ఫిల్మ్ కంటే ఇందులో నెగెటివ్ బాగా పెద్దది. కొండల మీది పొరలు, నీడలోని రాళ్లు, దూరపు మంచు.. ఇవన్నీ పెద్ద ప్రింట్‌లో నిలబడాలంటే పెద్ద నెగెటివ్ కావాలి. ఫిల్మ్ మాత్రం పాత నేస్తమే, కోడాక్ ట్రై-ఎక్స్. 1954 నుంచీ పత్రికా ఫొటోగ్రాఫర్ల జేబుల్లో ఉన్న నలుపు తెలుపు ఫిల్మ్.

పెద్ద నెగెటివ్ అంటే రోల్‌కి తక్కువ ఫొటోలు, అంటే ఎక్కువ రోల్స్, అంటే ఎక్కువ బరువు. ఆ బరువును ఎడారిలో వేడి నుంచి, అడవిలో తేమ నుంచి కాపాడాలి. పైగా ఎయిర్‌పోర్టు గొడవ. నెలల తరబడి కొండలెక్కి తీసిన ఫొటోలు తిరుగు ప్రయాణంలో పాడైతే? మళ్లీ ఆ మంచు కొండ అక్కడే ఉంటుందా?

అప్పుడు ఒక ఫొటోగ్రాఫర్ మిత్రుడు డిజిటల్ పరీక్షించి చూడమన్నాడు. మనలో చాలామంది ఇలాంటప్పుడు రెండు పనుల్లో ఒకటి చేస్తాం. 'ఫిల్మ్‌కి సాటి లేదు, డిజిటల్ ఏంటి చెత్త' అని కొట్టిపారేయడం. లేదంటే యూట్యూబ్‌లో నాలుగు రివ్యూలు చూసి ఆర్డర్ పెట్టేయడం. (నేను రెండో బాపతు, నా కార్డు బిల్లే సాక్షి.) ఆయన చేసింది వేరు. డిజిటల్‌తో తీయించిన ఫొటోలను తను ఎగ్జిబిషన్‌లో పెట్టే రకం ప్రింట్లు వేయించి చూశారు. స్క్రీన్ మీద కాదు, స్పెసిఫికేషన్ల పట్టికలో కాదు. తన పని చివరికి ఏ రూపంలో జనం ముందుకు వెళ్తుందో ఆ రూపంలో పోల్చారు. మీడియం ఫార్మాట్ ఫిల్మ్ కంటే నాణ్యత మెరుగ్గా ఉందని ఒప్పుకున్నారు. ఎంచుకున్న కెమెరా కెనాన్ ఈఓఎస్ వన్‌డీఎస్ మార్క్ త్రీ. 21 మెగాపిక్సెల్స్.

21 అంటే ఇప్పుడు మీకు నవ్వొస్తుంది, మీ ఫోన్ వెనక 50 అనో 200 అనో రాసి ఉంటుంది. ఆ అంకె చూసి మోసపోకండి. ఆ కెమెరా సెన్సర్ 36 ఎంఎం వెడల్పు, 24 ఎంఎం ఎత్తు. ఫోన్ సెన్సర్ దాని ముందు గోరంత. ఒక్కో పిక్సెల్‌లో పడే వెలుతురు ఎంతన్నది అసలు లెక్క. తమాషా ఏంటంటే 645 ఫిల్మ్ ఫ్రేమ్ ఆ సెన్సర్ కంటే విస్తీర్ణంలో రెండున్నర రెట్లకు పైనే పెద్దది. అయినా డిజిటల్ గెలిచింది. కారణం, ట్రై-ఎక్స్ లాంటి వేగవంతమైన ఫిల్మ్‌లో వెండి రేణువులు పెద్దవి. పెద్ద ప్రింట్ వేసేసరికి అవి ఇసుక చల్లినట్టు పైకి కనిపిస్తాయి. దాన్నే గ్రెయిన్ అంటారు. సెన్సర్‌లో ఆ ఇసుక ఉండదు.

ఇసుక లేకపోవడమే సల్గాడోకి సమస్య అయింది! ముప్పై ఏళ్ల ఆయన పనిలో ఆ గ్రెయిన్ ఉంది. జెనెసిస్‌లో సగం ఫొటోలు ఫిల్మ్‌వి, సగం డిజిటల్‌వి అయితే గోడ మీద పక్కపక్కన పెట్టినప్పుడు అతుకు కనిపిస్తుంది. అందుకే డీఎక్స్‌ఓ అనే ఫ్రెంచ్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో డిజిటల్ ఫైళ్లకు ట్రై-ఎక్స్ గ్రెయిన్‌ని చేర్పించారు.

ఫొటో తీసే పద్ధతిలోనూ మార్పు రానివ్వలేదు. తీసిన ప్రతిదాన్నీ వెనక స్క్రీన్ మీద చూసుకునే అలవాటు చేసుకోలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఫొటోలు ఏరడం తనకు రాదని ఆయనే చెప్పుకున్నారు. మరి వేల ఫైళ్లలోంచి ఎలా ఎంచుకునేవారు? పారిస్ స్టూడియోలో ఆ ఫైళ్లతో కాంటాక్ట్ షీట్లు ప్రింట్ చేయించేవారు, అంటే ఒకే కాగితం మీద వరసగా చిన్న చిన్న ఫొటోలు. ఫిల్మ్ రోజుల్లో లాగే భూతద్దం కంటికి ఆనించుకుని ఒక్కొక్కటీ చూసి గుర్తు పెట్టేవారు. ఎంచుకున్న వాటికి చిన్న ప్రింట్లు, వాటిలోంచి మళ్లీ ఏరివేత.

చివరి అడుగు నాకు అన్నిటికంటే ఆశ్చర్యం. ఖరారైన డిజిటల్ ఫైల్‌ నుంచి నాలుగు అంగుళాలకు ఐదు అంగుళాల ఫిల్మ్ నెగెటివ్ తయారు చేయించేవారు. ఆ నెగెటివ్‌ను డార్క్‌రూమ్‌లో పెట్టి, వెండి పూత కాగితం మీద పాత పద్ధతిలో ప్రింట్. డిజిటల్‌లో తీసిన ఫొటో మళ్లీ ఫిల్మ్ అయిందన్నమాట! చాదస్తం అనిపిస్తుంది కదూ. మీ ఇంటర్ ఫేర్‌వెల్ ఫొటోలు ఇప్పుడు ఎక్కడున్నాయో చెప్పండి చూద్దాం. పాడైన హార్డ్ డిస్క్‌లోనా? పాస్‌వర్డ్ మర్చిపోయిన మెయిల్‌లోనా? ఫైల్ బతకాలంటే పదేళ్లకోసారి ఎవరో ఒకరు దాన్ని కొత్త చోటికి మార్చాలి. నెగెటివ్‌ని చల్లటి పొడి చోట పెట్టెలో పెట్టి మర్చిపోయినా ఉంటుంది, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే చాలు కనిపిస్తుంది.

ఇక్కడ నేను నా టెస్టింగ్ టూల్ గురించి ఆలోచించాను. ఆయన మొత్తం పని పద్ధతిలో మార్చింది మధ్యలో ఉన్న ఒకే ఒక్క ముక్క: వెలుతురును పట్టుకునే చోటు. ముందున్న నడక, ఓపిక మారలేదు. వెనకున్న భూతద్దం, డార్క్‌రూమ్ మారలేదు. నేను మాత్రం మూడేళ్లూ ఆ టూల్‌ బటన్లే నా పని అనుకున్నాను. ఒక ప్రోగ్రామ్ ఎక్కడ విరుగుతుందో పసిగట్టడం నా పని అని బెంచ్ మీద కూర్చున్న నాలుగో నెలకు గానీ తట్టలేదు. మీరిప్పుడు ఏఐ అసిస్టెంట్లతో కోడ్ రాయిస్తున్నారు. అది మంచిదా చెడ్డదా అని హాస్టల్‌లో వాదించుకునే బదులు, ఒకే ప్రాజెక్టును మీ చేత్తో ఒకసారి, దానితో ఒకసారి చేసి, చివరి అవుట్‌పుట్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. మీ 'ప్రింట్' ఏదో ముందు తేల్చుకోండి.

అందరూ సల్గాడోలు కాలేరు

ఈ కథ రాస్తుంటే మా పెద్ద మావయ్య గుర్తొస్తూనే ఉన్నాడు. మా ఊళ్లో ఆయనకి ఫొటో స్టూడియో ఉండేది. వెనక గదిలో ఎర్ర బల్బు, హైపో వాసన, తాడుకి క్లిప్పులతో వేలాడే ప్రింట్లు. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మొటిమలు మాయం చేసేవాడు. ఊటీలో తయారైన ఇందు ఫిల్మ్ డబ్బాల్లో మేం గోళీలు దాచుకునేవాళ్లం. డిజిటల్ వచ్చాక ఆయన స్టూడియో మూతపడింది. ఆ షాపులో ఇప్పుడు జిరాక్స్ మిషన్, పాస్‌పోర్ట్ ఫొటోలు.

'సల్గాడో మారారు, మావయ్య మారలేదు' అని బ్లాగులో ఒక పోస్టు రాయబోయి, ముందు ఆయన్నే అడిగాను. 'మిషన్ మారితే నేర్చుకునేవాణ్ణి రా. నేర్చుకున్నాను కూడా. మారింది గిరాకీ. ఎవడి ఫొటో వాడే తీసుకుంటుంటే ఇంక నా దగ్గరికి ఎవడొస్తాడు?' అన్నాడు. పోస్టు డిలీట్ చేశాను. కరెక్టే కదా! సల్గాడో ప్రింట్లు కొనేవాళ్లు డిజిటల్ వచ్చాకా కొన్నారు. పారిస్‌లో ఆయనకో స్టూడియో, సిబ్బంది, లేలియా ఉన్నారు. మావయ్యకి రెండు నెలల అద్దె బాకీ ఉంది. పరికరం మారడం వేరు, కొనేవాడు మాయమవడం వేరు. మీరు నేర్చుకుంటున్న స్కిల్‌కి ఈ రెండింట్లో ఏది జరుగుతోందో చూసుకోండి. మొదటిదైతే కొత్త టూల్ నేర్చుకుంటే సరిపోతుంది. రెండోదైతే ఎంత నేర్చుకున్నా సరిపోదు, వేరే గిరాకీ వెతుక్కోవాలి.

ఆ టెక్నాలజీని కనిపెట్టిన కంపెనీకే ఇది తప్పలేదు. మొట్టమొదటి డిజిటల్ కెమెరా తయారైంది 1975లో, కోడాక్‌లోనే. స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజినీరు చేశాడు, మీకంటే నాలుగైదేళ్లు పెద్ద, అంతే. ఒక్క ఫొటోని క్యాసెట్ మీద రికార్డు చేయడానికి 23 సెకన్లు పట్టేది. అదే కోడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది.

సల్గాడో మీద విమర్శలూ ఉన్నాయి. కష్టంలో ఉన్నవాళ్లని మరీ అందంగా చూపిస్తారని, పేదరికాన్ని గోడకు తగిలించే బొమ్మలా చేశారని చాలామంది రాశారు. ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు కూడా ఇవ్వలేదన్నది రచయిత్రి సుసాన్ సాంటాగ్ అభ్యంతరం. నాకు ఆ మాట న్యాయంగానే అనిపిస్తుంది. ధన్‌బాద్ కార్మికుడి ముఖం నాకు గుర్తుంది, పేరు ఎవరికీ తెలియదు.

మీకు నిజంగా ఇటు రావాలని ఉంటే

మందే చెప్పేస్తాను, కొండల ఫొటోలు తీసినందుకు నెల నెలా జీతం ఇచ్చే కంపెనీలు దాదాపు లేవు. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఎక్కువమంది పెళ్లిళ్లు, ప్రొడక్ట్ షూట్లు, వర్క్‌షాపులతో ఇల్లు గడుపుకుంటూ మిగిలిన టైమ్‌లో కొండలెక్కుతారు. పద్ధతిగా చదవాలనుకుంటే హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ కోర్సు ఉంది, ఎఫ్ఏడీఈఈ అనే ఎంట్రెన్స్ రాయాలి. డిగ్రీ లేదా ఇంజినీరింగ్ అయినవాళ్లకు ఎన్ఐడీ గాంధీనగర్ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎండిజైన్ ఉంది.

డబ్బు ఖర్చు లేని పని ఒకటి చెబుతాను, నేను ఆరు వారాలు చేశాను. ఆదివారం ఫోన్ తీసుకుని బయటికెళ్లండి. పాత ఫిల్మ్ రోల్‌లో 36 ఫొటోలే వచ్చేవి, మీరూ 36 మాత్రమే తీయండి. తీశాక చూసుకోవద్దు, డిలీట్ చేయొద్దు. ఇంటికొచ్చి ఒక ఏ4 కాగితం మీద 36 ఫొటోలూ వరసగా వచ్చేలా పక్క వీధి జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించండి. రెడ్ పెన్‌తో మూడు ఎంచుకోండి. మొదటి వారం నాకు ఒక్కటీ దొరకలేదు, పైగా ఆకాశం అంతా తెల్లగా కాలిపోయింది. డిజిటల్‌తో వచ్చే చిక్కే అది. ఫిల్మ్ వెలుతురు కాస్త ఎక్కువైనా తట్టుకుంటుంది. సెన్సర్‌లో ఒక్కసారి తెల్లబడిన మబ్బుని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. కాబట్టి స్క్రీన్ మీద మబ్బు దగ్గర వేలు పెట్టి, వెలుతురు కొంచెం తగ్గించి తీయండి. నీడల్ని తర్వాత పైకి తెచ్చుకోవచ్చు.

సల్గాడో చివరి పెద్ద పుస్తకం 'అమెజోనియా' 2021లో వచ్చింది. 2025 మే 23న పారిస్‌లో, 81 ఏళ్ల వయసులో పోయారు. జెనెసిస్ కోసం తిరుగుతున్నప్పుడు 2010లో ఇండోనేషియాలో వచ్చిన మలేరియా ఆయన్ని వదల్లేదు, చివరికి అది లుకేమియా దాకా వెళ్లిందని కుటుంబం తెలిపింది.

ఆ వార్త వచ్చిన వారమే మా ఊరెళ్లాను. మావయ్య షాపులో కూర్చుని, ఫోన్‌లో అలాస్కా పర్వతాల ఫొటో ఒకటి చూపించాను. మబ్బుల్లోంచి లోయ మీదికి వెలుతురు దిగుతున్న ఫొటో. మావయ్య కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, రెండు వేళ్లతో జూమ్ చేసి, చాలాసేపు చూశాడు.

'ఇది ఫిల్మే. ఈ గ్రెయిన్ డిజిటల్‌లో రాదు' అన్నాడు.

కింద రాసి ఉన్న సంవత్సరం చూపించాను. 2009. డిజిటల్‌కి మారిన తర్వాతి ఏడాది. నమ్మలేదు. ఫోన్ లాక్కుని మళ్లీ జూమ్ చేశాడు. ఈలోగా ఎవరో ఆధార్ జిరాక్స్ కోసం వస్తే రెండు కాపీలు తీసిచ్చి, చిల్లర ఇచ్చి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. కౌంటర్ మీదున్న కవరు ఒకటి వెనక్కి తిప్పి, పెన్ను నా వైపు జరిపాడు.

'ఆ గ్రెయిన్ వేసే సాఫ్ట్‌వేర్ పేరేంటన్నావ్? తెలుగులో రాయి.'